కొటేషన్‌లో కింది వరుసలు: తక్కువ డబ్బులో గేమింగ్ కంప్యూటర్ ఎంపిక

గేమింగ్ కంప్యూటర్‌కు షాపులో రాసిచ్చే కొటేషన్‌లో పై వరుసన ప్రాసెసర్ ఉంటుంది. తర్వాత మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా), క్యాబినెట్, యూపీఎస్ అట్టడుగున ఉంటాయి. బడ్జెట్ సరిపోకపోతే కోత పడేదీ అక్కడే. "ఎస్‌ఎంపీఎస్ లోకల్‌ది వేసేద్దామండి, యూపీఎస్ తర్వాత చూసుకోవచ్చండి" అనే మాటతో బేరం తెగుతుంది. కోనసీమలో ఇది తలకిందుల లెక్క. ఉప్పుగాలి, కరెంటు కోతలు, పిడుగుల వానలు, సర్వీసు సెంటరుకు గోదావరి పాయ దాటి వెళ్లాల్సిన దూరం, ఇవన్నీ ముందు తగిలేది ఆ కింది వరుసలకే. అవి పోతూ పోతూ పై వరుసలను కూడా వెంట తీసుకుపోతాయి. అందుకే ఇక్కడ కొటేషన్‌ను కిందినుంచి పైకి చదవాలి. కింది మూడింటికీ డబ్బు ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు ఇవ్వాలి.

ఉదాహరణకు మానిటర్, యూపీఎస్‌లతో కలిపి మొత్తం 70 వేలు అనుకుంటే, గ్రాఫిక్స్ కార్డుకు మూడో వంతు దాకా వెళ్లవచ్చు. ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, యూపీఎస్ మూడింటికీ కలిపి ఆరో వంతుకు తగ్గకూడదు. ధరలు నెలనెలా మారతాయి గనుక రూపాయల కంటే ఈ వాటాలు గుర్తుంచుకోవడమే మేలు.

1. ముందు ఆట, ఆ తర్వాతే పార్టు

ఏ ఆట కోసం ఈ కంప్యూటర్? షాపుకు వెళ్లేలోపు జవాబు తేలాల్సిన ప్రశ్న ఇదొక్కటే. వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ 2 లాంటి ఆటలకు బరువైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. వాటికి చురుకైన ప్రాసెసర్, సెకనుకు 144 సార్లో అంతకంటే ఎక్కువో రిఫ్రెష్ అయ్యే మానిటర్ ఉంటే చాలు. సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్ లాంటివి ఆడాలంటే డబ్బు కార్డు వైపు మళ్లాలి. అమలాపురంలో ఒకే ఇంట్లో అన్న వాలరెంట్, తమ్ముడు జీటీఏ 5 ఆడతారనుకుందాం. ఇద్దరికీ 24 అంగుళాల 1080పీ తెర సరిపోతుంది. 4కే మానిటర్ ఆశ పెట్టుకుంటే, దానికి తగ్గ కార్డుకే మొత్తం బడ్జెట్ అయిపోతుంది.

ఆన్‌లైన్ ఆటలో తెర పట్టేసినట్టు ఆగిపోతే చాలామంది కార్డు మార్చేస్తారు. అది పింగ్ సమస్య అయితే కార్డు ఏం చేస్తుంది? సిగ్నల్ ముంబై సర్వరుకు వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని ఏ కార్డూ తగ్గించలేదు. వైఫై వదిలి రౌటర్ నుంచి నేరుగా లాన్ వైరు లాగితే కొంతవరకు కుదురుకుంటుంది. ఆ వైరు ఖర్చు కొటేషన్‌లో కనపడనంత చిన్నది.

2. "ఐ7" అన్న మాట దగ్గర ఆగాలి

"ఏమండీ, ఇది ఐ7 యేనాండీ?" "ఆయ్, ఐ7 అండి, పదహారు జీబీ ర్యామ్, నాలుగు జీబీ గ్రాఫిక్సండి!" ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ ఐ7 ఏ తరానిది? తక్కువ ధరకు "గేమింగ్ పీసీ" పేరుతో అమ్ముడయ్యే వాటిలో తరచూ కనిపించేది ఐ7-3770. అది 2012లో వచ్చింది. దాని కింద ఉండేది హెచ్61 మదర్‌బోర్డు, డీడీఆర్3 ర్యామ్. ఆ నాలుగు జీబీ కార్డు చాలాసార్లు జీటీ 730, అంటే ఆఫీసు పనికి, సినిమా చూడడానికి పనికొచ్చే కార్డు. జీబీ ఎంతన్నది కార్డు మెమరీ లెక్కే. దాని సత్తా వేరు.

2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లో కూడా కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. అయినా ఆ పాత ఐ7ను సునాయాసంగా దాటేస్తుంది. పాతదానితో ఇంకో చిక్కు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. కొటేషన్‌లో "ఐ5", "ఐ7" అని మాత్రమే రాసి ఉంటే పూర్తి మోడల్ నంబరు రాయించుకోవాలి. గ్రాఫిక్స్ కార్డుకు, మదర్‌బోర్డుకు, ఎస్‌ఎంపీఎస్‌కు కూడా అంతే. నంబరు రాయడానికి వెనకాడే చోట కొనకపోవడమే మంచిది.

3. గోడలో ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాలి

కంప్యూటర్ రాకముందే చూసుకోవాల్సింది స్విచ్‌బోర్డును. పాత పెంకుటిళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా, పైన ఉండే ఎర్తు రంధ్రానికి చాలాసార్లు వెనక తీగే ఉండదు. ఎర్తు లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా క్యాబినెట్ రేకు మీదికి సుమారు 115 వోల్టుల దాకా చేరుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి ప్రాణం మీదికి రాదు గానీ, వెనక స్క్రూకు చెయ్యి తగిలినప్పుడు సన్నగా జిల్లుమంటుంది. "చెప్పులేసుకుని ఆడుకో" అని సరిపెట్టేస్తుంటారు. మనిషి చెప్పులేసుకున్నా హెచ్‌డీఎంఐ పోర్టుకు ఆ రక్షణ లేదు. మానిటర్, స్పీకర్లు, యూఎస్‌బీ వస్తువులు ఆ తేడా వోల్టేజీకి పాడయ్యే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తాడు. అది మసగ్గా వెలిగితే ఎర్తు బలహీనమని అర్థం. కోనసీమ నేలలో తేమకు లోటు లేదు. సముద్రం వైపు ఉప్పు నేలల్లో ఎర్తు పైపూ తీగా తుప్పు పట్టి తెగిపోవడమే అసలు బాధ. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తు ఇప్పటికీ ఉందని నమ్మకూడదు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. డబ్బా మీద "450 వాట్స్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చూడాల్సింది దాన్ని కాదు, పక్కన అతికించిన చిన్న పట్టికను. అందులో +12వీ గడి కింద ఎన్ని యాంపియర్లు ఉన్నాయో చూసి పన్నెండుతో హెచ్చవేయాలి. 16 అని ఉంటే వచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఈ 12 వోల్టుల లైను నుంచే. ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు లాగుతుంది. రైజెన్ 5 5600 నిండు పనిలో మరో 76 దాకా లాగుతుంది. రెండూ కలిస్తే 208. అంటే పేరుకు 450 వాట్ల డబ్బా ఆట మధ్యలో చేతులెత్తేస్తుంది. అప్పుడు సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, ర్యామ్ మారుస్తారు, అసలు దొంగ మాత్రం దొరకడు. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే గడిలో 40కి పైగా యాంపియర్లు ఉంటాయి.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు వృథాను గురించి చెబుతుంది, భద్రతకు పూచీ ఇవ్వదు. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో, ఐదేళ్ల వారంటీ ఉందో లేదో విడిగా చూడాలి.

యూపీఎస్ దగ్గర జరిగే పొరపాటు వీఏను వాట్లుగా చదవడం. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లకే తూగుతుంది. పైన చెప్పిన సిస్టమ్, మానిటర్‌తో కలిపి ఆట సమయంలో 300 వాట్ల దాకా లాగగలదు. అందువల్ల 600 వీఏ అంచున నిలబడుతుంది, బ్యాటరీ కాస్త పాతబడితే కుయ్యోమంటుంది. 1000 వీఏ అయితే నిశ్చింత. యూపీఎస్ ఇచ్చేది ఆట సేవ్ చేసి ఆపుకోవడానికి కొన్ని నిమిషాలు మాత్రమే. అందులో మిగిలిన ప్లగ్గుకు ఇంటర్నెట్ డబ్బాను తగిలించడం మరవకూడదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మానేయవచ్చా? ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉండి, అది ప్యూర్ సైన్ వేవ్ రకమైతే పని జరుగుతుంది. స్క్వేర్ వేవ్ రకం ఫ్యాన్లకూ లైట్లకూ సరిపోతుంది గానీ, నేటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దానిమీద ఆగిపోతాయి. పైగా ఆ 300 వాట్లు కలిస్తే రాత్రి కోతలో ఇంటిల్లిపాదికీ ఫ్యాను ముందే ఆగిపోతుంది. గొడవ కంప్యూటర్ మీదికే వస్తుంది.

పిడుగుల వాన మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. లాన్ వైరును కూడా.

4. గ్రాఫిక్స్ కార్డు: పేరు ఒకటే, సరుకు రెండు

1080పీ ఆటలకు 8 జీబీ మెమరీని కనీసంగా పెట్టుకోవాలి. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 పాతదే అయినా దొరికినంతకాలం ఈ బడ్జెట్‌లో మంచి కొనుగోలు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050 కూడా 8 జీబీదే. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది గానీ, బయోస్‌లో రీసైజబుల్ బార్ ఆన్ చేయాలి. చవక ప్రాసెసర్ జతైతే దాని వేగం తగ్గుతుంది కూడా. ఆ రెండూ తెలిసి కొంటే తప్పు లేదు.

జాగ్రత్త పడాల్సింది ఆర్‌టీఎక్స్ 3050 దగ్గర. 2022లో వచ్చింది 8 జీబీ, 130 వాట్ల కార్డు. 2024లో అదే పేరుతో వచ్చింది 6 జీబీ, 70 వాట్లది. కోర్లు కూడా తక్కువ. ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు అక్కర్లేకపోవడం దీనికున్న సుగుణం కాబట్టి, పాత ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించడానికి బాగుంటుంది. కొత్త సిస్టమ్‌కు దీన్ని పెద్దదాని ధరకు అంటగట్టనివ్వకూడదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మరో ఉచ్చు. నాలుగే జీబీ, నాలుగే పీసీఐఈ లేన్లు. పాత పీసీఐఈ 3.0 మదర్‌బోర్డు మీద బాగా చతికిలబడుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనవచ్చా? క్రిప్టో కరెన్సీ ఈథీరియం 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ మానేశాక, ఆ పనికి వాడిన కార్డులు మార్కెట్లోకి చాలా వచ్చాయి. వాటిలో ఇప్పటికీ చక్కగా నడిచేవి ఉన్నాయి. కొనేముందు అరగంట పాటు బరువైన ఆట నడిపించి వేడి ఎంతకు చేరుతోందో, ఫ్యాన్లు గరగరలాడుతున్నాయేమో చూడాలి. కోనసీమలో ఇంకో పరీక్ష కలపాలి. కార్డును బయటకు తీసి, వెనక రేకు పట్టీ, హెచ్‌డీఎంఐ పోర్టు లోపలి అంచు వెలుతుర్లో చూడాలి. అక్కడ ఎర్రటి తుప్పో, స్క్రూల చుట్టూ పచ్చటి పూతో కనిపిస్తే ఆ కార్డు సముద్రపు గాలి తిన్నదే. ధర ఎంత తగ్గించినా వద్దు.

5. ప్రాసెసర్, మదర్‌బోర్డు: నేడు కొనేది, రేపు కలిపేది

ఈ బడ్జెట్‌లో ఆరు కోర్లు చాలు: రైజెన్ 5 5600 గానీ, ఐ5-12400ఎఫ్ గానీ. మరీ బిగుతైతే ఐ3-12100ఎఫ్. చివర "ఎఫ్" ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు పాడైన రోజు తెరే వెలగదు. రైజెన్ 5 5600 కూర్చునే ఏఎం4 రకం మదర్‌బోర్డుకు కొత్త ప్రాసెసర్ల దారి దాదాపు ముగిసింది. దాని తర్వాతి ఏఎం5కు దారి ఇంకా ఉంది గానీ దానికి డీడీఆర్5 ర్యామే పెట్టాలి. రెండేళ్లలో ప్రాసెసర్ మార్చే ఉద్దేశం లేనివారికి ఏఎం4 చవకబేరం.

కార్డుకు ఇప్పుడు డబ్బు లేకపోతే? కొబ్బరి దింపు డబ్బు వచ్చినప్పుడల్లా ఒక్కో వస్తువు కొనే ఇళ్లు కోనసీమలో కొత్త కాదు. అలాంటివారు రైజెన్ 5 5600జీతో మొదలుపెట్టవచ్చు. దానిలోనే గ్రాఫిక్స్ ఉంది, వాలరెంట్ హాయిగా నడుస్తుంది. తర్వాత కార్డు కలుపుకోవచ్చు. 5600 కంటే దీని క్యాష్ సగమే, పీసీఐఈ 3.0 వరకే ఆగుతుంది, కాబట్టి కార్డు పెట్టాక కొంచెం వెనకబడుతుంది. ఏడాదిలోపు కార్డు కొనే నమ్మకం ఉంటే ఈ దారి పట్టడం కంటే ఆగి కొనడమే మేలు. ఈ దారిలో వెళ్లేవారు కూడా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మొదటిరోజే తీసుకోవాలి.

6. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ, ఒకే కర్రగా కాకుండా 8 చొప్పున రెండుగా. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. అప్పటినుంచి "ఇప్పటికి 8 చాలు" అనే సలహా మళ్లీ వినిపిస్తోంది. ఒక్క కర్రతో మొదలుపెట్టక తప్పకపోతే అదే మోడల్ రెండోది త్వరగా చేర్చాలి. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకానిది 500 జీబీ కనీసం. పెద్ద ఆట ఒక్కటే 100 జీబీ మింగుతుంది గనుక, కుదిరితే ఒక టీబీ.

7. క్యాబినెట్: గాలి, తేమ, బల్లి

ముందు గాజు, లోపల రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ గాజు వెనకనుంచి గాలి ఎలా వెళ్తుంది? ముందు భాగం జాలీ, దాని వెనక కడిగి పెట్టుకోగల డస్ట్ ఫిల్టర్ ఉన్నది కొనాలి. వెనక వాడని స్లాట్ల రేకులు పారేయకూడదు. ఆ సందులోంచి బల్లి లోపలికి దూరి, వెచ్చగా ఉందని మదర్‌బోర్డు మీద పడుకుని, రెండు పిన్నుల మధ్య మాడిపోయిన సందర్భాలు మెకానిక్కులు ఎన్నో చూసి ఉంటారు. చీమలూ అంతే.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీర గ్రామాల్లో కిటికీ పక్కన పెట్టిన సిస్టమ్‌కు ఉప్పు తేమ నేరుగా తగులుతుంది. సముద్రం వైపు కాని గోడ వెతకాలి. వాడనప్పుడు ప్లాస్టిక్ తొడుగు కప్పితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది, కాటన్ గుడ్డ కప్పడం మంచిది. వానాకాలంలో పరీక్షల పేరుతో నెలల తరబడి ఆపేసి ఉంచకుండా, వారానికోసారి గంటసేపు నడిపితే ఆ వేడికి తేమ ఆరుతుంది. లంక గ్రామాల్లో క్యాబినెట్‌ను నేలమీద పెట్టడమే తప్పు. 2022 జులై గోదావరి వరదలో అక్కడి ఇళ్లలోకి నీరు ఎంత ఎత్తు వచ్చిందో గోడలకు ఇంకా గుర్తుంటుంది.

8. ఎక్కడ కొనాలి?

అమలాపురం షాపుకూ, రాజమహేంద్రవరానికీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకీ, ఆన్‌లైన్‌కూ ధరల్లో తేడా ఉంటుంది. చవకగా దొరికిందని ఊరు దాటే ముందు ఒక లెక్క వేయాలి. పార్టు పాడైతే దాన్ని ఎవరు, ఎక్కడికి తీసుకెళ్లాలి? ప్రాసెసర్, ర్యామ్ అరుదుగా పాడవుతాయి కాబట్టి ఆన్‌లైన్‌లో కొనవచ్చు. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, మానిటర్ బరువైనవి, ముందు మొరాయించేవీ అవే. వాటికి వంద, రెండొందలు ఎక్కువైనా దగ్గర షాపే నయం.

కొత్తపేట కుర్రాడు హైదరాబాద్‌లో బిగించిన సిస్టమ్‌ను రాత్రి బస్సు డిక్కీలో వేసుకొచ్చాడనుకుందాం. తెల్లారి రావులపాలెంలో దిగేసరికి డబ్బా పైకి బాగానే ఉంటుంది. లోపల కార్డు బరువుకు మదర్‌బోర్డు స్లాట్ బీటలు వారి ఉండవచ్చు. ప్రయాణానికి ముందు గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి విడి డబ్బాలో చేతిసంచిలో పెట్టుకోవాలి.

కోనసీమలో గల్ఫ్‌లో ఉన్న మామయ్యో బాబాయో కార్డు తెస్తానని మాటివ్వడం మామూలే. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశం వరకే చెల్లుతుంది, సీరియల్ నంబరు చెప్పి ముందే కంపెనీని అడగాలి. కువైట్, దుబాయ్‌లలో కొన్న ఎస్‌ఎంపీఎస్‌కూ మానిటర్‌కూ చదరపు పిన్నుల ప్లగ్గు వస్తుంది. దానికి చవక అడాప్టర్ తగిలిస్తే ఎర్తు తెగిపోవచ్చు. కేబుల్‌నే మార్చేస్తే సరి.

9. బిగించిన రోజు చూసుకోవాల్సినవి

మానిటర్ వైరు మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు తగిలిందా? వేలకు వేలు పోసి కార్డు కొని, ఈ ఒక్క పొరపాటుతో నెలల తరబడి అది లేకుండానే ఆడేవారున్నారు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఆగిపోయి ఉంటే 144కు మార్చాలి. ర్యామ్ వేగం డబ్బా మీద 3200 అని ఉండి టాస్క్ మేనేజర్‌లో 2133 చూపిస్తే, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. ర్యామ్ కర్రలు రెండూ మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే ఉండాలి, సాధారణంగా అవి ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది.

ఆన్‌లైన్‌లో వచ్చిన ప్రతి పార్సిల్‌నూ విప్పుతున్నప్పుడు ఫోనులో ఆపకుండా వీడియో తీయాలి, విరిగిన వస్తువు వస్తే అదే సాక్ష్యం. షాపు బిల్లులో మొత్తం ధర ఒకే వరుసగా కాకుండా ప్రతి పార్టుకూ విడిగా ధర, 18 శాతం జీఎస్టీ, సీరియల్ నంబరు రాయించుకోవాలి. డబ్బాలను వారంటీ ముగిసేదాకా అటక మీద ఉంచాలి, ఎలుకలు చేరకుండా.